మరపును ఏ భాషలో కొలవాలి?

సూరత్ నగరానికి దక్షిణాన, నవసారి వెళ్ళే రహదారిని ఆనుకొని ఉధ్నా ఉంది. ముంబయి రైలు మార్గం నుంచి జల్‌గావ్ వైపు సాగే మార్గం ఇక్కడే చీలుతుంది. భుసావల్, వార్ధా, బల్లార్షాల మీదుగా ఆ దారినే కొన్ని దశాబ్దాలుగా తెలంగాణ చేనేత కుటుంబాలు ఈ నేలకు వచ్చి చేరాయి. చేతి మగ్గం మీద నేసిన గుడ్డ మిల్లు గుడ్డతోను, మరమగ్గపు గుడ్డతోను పోటీపడలేకపోయిన రోజుల్లో కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల పద్మశాలీలు షోలాపూర్, భీవండీ, సూరత్‌లకు వలసపోయారు. ఉధ్నా, లింబాయత్, డిండోలీ వాడల్లో నేటికీ తెలుగు మాట వినబడే వీధులు ఎన్నో ఉన్నాయి. సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలు నడిపే మాధ్యమాలలో తెలుగు కూడా ఒకటి. సిరిసిల్లలో మరమగ్గాన్ని ‘సాంచా’ అంటారు. గుజరాతీలో యంత్రాన్ని ‘సంచో’ అంటారు. చేతి మగ్గాన్ని వదలి వచ్చిన నేతగాడికి కొత్త ఊరిలో మొదట పరిచయమైన మాట బహుశా ఇదే అయి ఉంటుంది.

1970, 80 దశకాలలో యువకులుగా వచ్చినవారు ఇప్పుడు డెబ్బై ఏళ్ళకు అటూ ఇటూ ఉన్నారు. ఇల్లు కట్టుకున్నారు, పిల్లల పెళ్ళిళ్ళు చేశారు, మనుమలు గుజరాతీ మాధ్యమంలో చదువుతున్నారు. అయితే వృద్ధాప్యంతోపాటు కొన్ని ఇళ్ళలోకి ఎవరూ పిలవని అతిథి ఒకటి ప్రవేశిస్తున్నది. అదే మతిమరుపు. మన ఇళ్ళలో దీనికి ‘చాదస్తం’ అని పేరు. ఆ పేరులో కొంత విసుగు, కొంత ఆప్యాయత, బోలెడంత ఉపేక్ష ఉన్నాయి. కళ్ళజోడు ఎక్కడ పెట్టామో మరచి, కాసేపటికి గుర్తు తెచ్చుకోవడం వయసు లక్షణం. కళ్ళజోడు దేనికోసమో తెలియకపోవడం, గంట క్రితం తిన్న అన్నాన్ని తినలేదనడం, నెలనెలా వెళ్ళే దుకాణం దారి తప్పడం వయసు లక్షణాలు కావు. అవి వ్యాధి లక్షణాలు. ఈ రెంటికీ మధ్యనున్న గీతను గుర్తించడమే జ్ఞాపకశక్తి చికిత్సాలయాల మొదటి పని.

ఈ వ్యాధి మనకు దూరపుది కాదు. 2023లో వెలువడిన ఒక జాతీయ స్థాయి అధ్యయనం ప్రకారం మన దేశంలో అరవై ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మంది, అంటే సుమారు 88 లక్షల మంది డిమెన్షియాతో జీవిస్తున్నారు. అందులో అధిక భాగానికి కారణమైన వ్యాధికి అల్జీమర్ అనే జర్మన్ వైద్యుని పేరు వచ్చింది. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో చేరిన ఒక స్త్రీని ఆయన రోజుల తరబడి ప్రశ్నలడిగి, ఆమె జవాబులను రాసుకున్నాడు. 1906లో ఆమె మరణించాక మెదడును సూక్ష్మదర్శినిలో పరీక్షించి, అదే సంవత్సరం వైద్యుల సభలో ఆ విషయం వివరించాడు. సూక్ష్మదర్శిని చూపిన సంగతులే చరిత్రలో నిలిచాయి గాని, అంతకు ముందు జరిగిన సంభాషణను తక్కువగా చూడరాదు. వైద్యుడూ రోగీ ఒకే భాష మాట్లాడినందువల్లనే ఆ సంభాషణ సాధ్యమైంది. మతిమరుపు పరీక్ష పుట్టిందే రోగి మాతృభాషలో.

ఉధ్నాలోని ఒక నేతగాని కథ ఈ సందర్భంలో చెప్పుకోదగినది. ఆయన స్వగ్రామం పాత కరీంనగర్ జిల్లాలోనిది. ఊరి బడిలో మూడో తరగతి దాకా చదివి, తండ్రి పక్కన మగ్గపు గుంటలో కూర్చున్నాడు. 1978లో, ఇరవై నాలుగేళ్ళ వయసులో, సూరత్ చేరి సాంచాల షెడ్డులో కుదిరాడు. నలభై ఏళ్ళకు పైగా ఆ చప్పుడులోనే బ్రతికాడు. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో సూరత్ సగం ఖాళీ అయినట్లనిపించినప్పుడు భార్యాపిల్లలతో ఊరికి పోయి మళ్ళీ వచ్చాడు. 2006 ఆగస్టులో తాపీ నది వరద నగరంలో చాలా భాగాన్ని ముంచినప్పుడు ఇక్కడే ఉన్నాడు. ఒడిశా నుంచి వచ్చిన తోటి కార్మికులతో హిందీలోను, సేఠ్‌తో గుజరాతీలోను, ఇంట్లో తెలుగులోను మాట్లాడాడు. మూడు భాషల మనిషి.

రెండేళ్ళుగా ఆయన అడిగిందే అడగడం మొదలుపెట్టాడు. కూలి డబ్బు తీసుకొని, తీసుకోలేదని తగువుపడ్డాడు. షెడ్డులో హిందీలో అడిగినవారికి తెలుగులో జవాబిచ్చేవాడు. యజమాని పనికి రావద్దన్నాడు. 2025 ఏప్రిల్‌లో కొడుకు ఆయనను ఉధ్నాకు దగ్గరలోని ఒక జ్ఞాపకశక్తి చికిత్సాలయానికి తీసుకువెళ్ళాడు.

అటువంటి చోట పరీక్ష ఎలా సాగుతుందో చాలామందికి తెలియదు. మొదట ఇంటివారిని విడిగా కూర్చోబెట్టి అడుగుతారు: ఎప్పటినుంచి, హఠాత్తుగానా, మెల్లమెల్లగానా, డబ్బు లెక్క చూసుకోగలడా, స్నానం, బట్టలు స్వయంగానేనా, రాత్రి నిద్ర ఎలా ఉంది, ఏయే మందులు వాడుతున్నాడు. తరువాత రోగిని ప్రశ్నిస్తారు. ఆపైన రక్తపరీక్షలు, మెదడు స్కాను. వీటి ముఖ్యోద్దేశం నయం చేయదగిన కారణాలను వెదకి పట్టుకోవడం. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, తలకు దెబ్బ తగిలిన తరువాత పుర్రెలో గూడుకట్టిన రక్తం, మెదడులో నీరు చేరడం, దిగులు జబ్బు, కొన్ని నిద్రమాత్రలు, ఇవన్నీ మతిమరుపు వేషంలో రాగలవు. వీటిని గుర్తిస్తే చికిత్స ఉంది. గుర్తించకుండా ‘చాదస్తం’ అని వదిలేస్తే, బాగయ్యే మనిషి కూడా మంచానికి అతుక్కుపోతాడు.

నేతగానికి పదిహేనేళ్ళుగా చక్కెర వ్యాధి. దానికోసం వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర దీర్ఘకాలంలో కొందరిలో బి12ను తగ్గిస్తుంది. ఆయన రక్తంలో అది బాగా తక్కువగా కనిపించింది. ఆ లోపం పట్టుబడినందుకు ఇంటివారు సంతోషించారు. కాని ప్రశ్నల పరీక్షలో ఆయనకు సగం మార్కులు కూడా రాలేదు.

ఆ పరీక్ష హిందీలో జరిగింది, నడుమ నడుమ గుజరాతీలో. “కాకా, ఆజ్ కౌన్ సా దిన్ హై?” అని అడిగితే ఆయన చిరునవ్వు నవ్వి, “సబ్ ఠీక్ హై, సాబ్” అన్నాడు. ఇది తప్పుడు జవాబుగా నమోదైంది. వినబడనివారు ఏళ్ళ తరబడి అలవరచుకునే మర్యాద అది అని అప్పుడు ఎవరికీ తోచలేదు. సాంచాల షెడ్డులో పక్కవాని మాట వినాలంటే చెవిలో నోరు పెట్టి అరవాలి. నలభై ఏళ్ళ ఆ చప్పుడు ఆయన వినికిడిని చాలా వరకు తినేసింది. ఐదు నిమిషాల తరువాత తిరిగి చెప్పమన్న మూడు మాటలు ఆయనకు సరిగా చేరనే లేదు. చెవిన పడని మాటను మనసు మరచిందని ఎలా అనగలం? రెండు ఐదుకోణాల బొమ్మలను చూసి గీయమన్నప్పుడు, మూడో తరగతి తరువాత కలం పట్టని చేయి తడబడింది.

ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. వ్యాధి ముదిరిందని అర్థం చేసుకున్న కొడుకు తండ్రిని ఊరికి పంపి, అక్కడి చిన్నాన్న ఇంట్లో ఉంచుదామన్నాడు. పాతవి గుర్తుంటాయి, కొత్తవే మరచిపోతాడు కనుక పాత ఊరే మేలని ఆయన వాదన. అందులో కొంత శాస్త్రం కూడా ఉంది. పాత జ్ఞాపకాలకంటే కొత్తవే ముందు చెదురుతాయని ఫ్రెంచి పండితుడు రిబో 1881లోనే రాశాడు. కాని భార్య ఒప్పుకోలేదు. చీరలకు రాళ్ళు అతికే పని చేసుకుంటూనే ఆమె అన్నది: “ఈడ గల్లీ మరువలేడు కొడుకా. ఊరే మరిచిండు. పోయిన దసరాకు పోతే, లేని మగ్గాల కొట్టం దేవులాడుకుంట చెరువు కట్ట మీదికి పోయిండు. మనిషి దొరికేసరికి పొద్దుగూకింది.” ఆయన మనసులో ఉన్న ఊరు 1978 నాటిది. ఆ కొట్టం ఎప్పుడో కూలిపోయింది. ఆ దారి మారిపోయింది. ఆయనను పంపదలచింది నిజానికి ఏ పటంలోనూ లేని ఊరికి.

చికిత్సాలయ వైద్యుడు గుజరాతీ. తొలి ఫలితం మీద ఆయనకే అనుమానం కలిగింది. పరీక్షలో అంత తక్కువ మార్కులు వచ్చిన మనిషి రోజూ ఒంటరిగా చాయ్ దుకాణానికి పోయి, సరిగా డబ్బిచ్చి, ఇంటికి ఎలా తిరిగివస్తున్నాడు? బి12 సూదులు మూడు నెలలు ఇప్పించి, చెవి పరీక్ష చేయించి, వినికిడి యంత్రం పెట్టించి, 2025 జూలై మొదటి వారంలో మళ్ళీ రమ్మన్నాడు. ఈసారి తెలుగులో తయారైన పరీక్షపత్రం తెప్పించాడు. అడగడానికి ఇంటివారిని కాక, తెలుగు బడిలో పనిచేసి విశ్రాంతి తీసుకున్న ఒక ఉపాధ్యాయుని పిలిచాడు. ఇంటివారు దుబాసీలైతే జాలిపడి సగం జవాబు తామే అందిస్తారు, లేదా సిగ్గుపడి దాచేస్తారు. ఇది వైద్యులందరికీ అనుభవమే.

ఆ రోజు ఒక ముచ్చట జరిగింది. ఉపాధ్యాయుడు, “ఇప్పుడు ఏ ఋతువు?” అని అడిగాడు. జవాబు లేదు. “ఇప్పుడు ఏ కాలం నడుస్తున్నది, తాతా?” అని మార్చి అడిగాడు. “వానకాలం. ఆరుద్ర కార్తె” అని వెంటనే జవాబు వచ్చింది. తేదీ తెలియని మనిషి కార్తె చెప్పాడు. సంవత్సరం చెప్పలేకపోయాడు గాని, ప్లేగు ముందా, వరద ముందా అంటే తడుముకోకుండా ప్లేగే ముందన్నాడు. మాతృభాష అయినంత మాత్రాన చాలదని, మాతృభాషలోనూ రోగి ఎరిగిన మాటే కావాలని అక్కడున్నవారికి ఆ పూట బోధపడింది.

అంతమాత్రాన కథ సుఖాంతమైందని అనుకోరాదు. చెప్పిన మాటలు ఈసారి ఆయనకు స్పష్టంగా వినబడ్డాయి. వెంటనే తిరిగి పలికాడు కూడా. ఐదు నిమిషాల తరువాత ఒక్కటే చెప్పాడు. మిగతా వాటికి ఆనవాళ్ళు ఇచ్చినా గుర్తుకు రాలేదు. పరీక్షలో ఇదే కీలకమైన చోటు. దిగులువల్లనో, పరధ్యానంవల్లనో మరచినవాడికి ఒక ఆనవాలు అందిస్తే సాధారణంగా జ్ఞాపకం వస్తుంది, ఎందుకంటే విషయం లోపల ఉంది, దొరకడమే కష్టం. అల్జీమర్స్ వ్యాధిలో విషయం లోపల నిలవనే లేదు, కనుక ఆనవాలు ఉపకరించదు. కొత్త జ్ఞాపకాలను పదిలపరచే హిప్పోకాంపస్ అనే మెదడు భాగం ఈ వ్యాధిలో ముందుగా దెబ్బతింటుంది. స్కానులోనూ అది కుంచించుకుపోయినట్లు కనిపించింది. వ్యాధి ఉన్నది. కాని మొదట భయపడినంత ముదరలేదు. తొలి దశలో ఉన్నది. ఈ తేడాలో బి12 సూదుల వంతెంత, చెవి యంత్రం వంతెంత, తెలుగు వంతెంత అని విడదీసి చెప్పలేనని వైద్యుడు నిజాయితీగా అన్నాడు.

తొలి దశకూ మధ్య దశకూ మధ్య తేడా కాగితం మీద ఒక్క మాటే. జీవితంలో మాత్రం చాలా ఉంది. తొలి దశలో మనిషి తన ఇష్టాన్ని తాను చెప్పగలడు. ఎక్కడ ఉండాలో, ఇల్లు ఎవరి పేర రాయాలో, ఎవరి దగ్గర కడదాకా ఉండదలచాడో స్వయంగా నిర్ణయించుకోగలడు. తప్పుడు కొలత ఆ హక్కును కొన్నేళ్ళు ముందుగానే లాగేసుకుంటుంది. “నువ్వు ఏడుంటవు?” అని తెలుగులో అడిగినప్పుడు నేతగాడు, “ఈడనే. సాంచాల సప్పుడు ఇనవడాలె” అన్నాడు. కొడుకు మరి మాట్లాడలేదు.

ఈ కొలతల చరిత్ర కూడా తెలుసుకోదగినదే. ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చిన 30 మార్కుల చిన్న పరీక్షను అమెరికాలో 1975లో రూపొందించారు. వాక్యం రాయడం, చదివినట్లు చేయడం అందులో భాగాలు. చదువురాని కోట్లాది మందికి అది మతిని కాక బడిని కొలిచే సాధనమయింది. ఆ లోపాన్ని గుర్తించి, హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామీణుల కోసం హిందీలో ఒక పరీక్షను తయారుచేసి 1995లో ప్రకటించారు. ఇంగ్లండులో కేంబ్రిడ్జి వైద్యులు రూపొందించిన 100 మార్కుల పరీక్షలో కంగారూ, హార్ప్, పీపా బొమ్మలు చూపి పేర్లు అడుగుతారు. హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం తెలుగువారికి తగినట్లు పరీక్షలను మలచి వాడింది. భారత వైద్య పరిశోధన మండలి హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళ భాషలు ఐదింటిలో, చదువుకున్నవారికీ చదువురానివారికీ పనికివచ్చే పరీక్షల సంపుటిని సిద్ధం చేయించింది.

నిజాం సంస్థ జ్ఞాపకశక్తి చికిత్సాలయం నుంచి 2013లో వెలువడిన అధ్యయనం వైద్యలోకాన్ని ఆకర్షించింది. డిమెన్షియా ఉన్న 648 మందిని పరిశీలించగా, వారిలో ఒకటికి మించిన భాషలు మాట్లాడేవారు 391 మంది. ఒకే భాష తెలిసినవారికంటే వీరికి వ్యాధి లక్షణాలు సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా కనిపించాయి. బడి ముఖం చూడనివారిలోనూ ఈ తేడా ఉండడం విశేషం. ఇతర దేశాల అధ్యయనాలన్నీ దీనితో ఏకీభవించలేదు. అయినా, హైదరాబాదు వీధుల్లో తెలుగు, దక్కనీ, హిందీ కలగలిపి మాట్లాడే కూలివాని నాలుకకు కూడా ఒక సంపద ఉన్నదని అది చెప్పింది. ఉధ్నా నేతగాని మూడు భాషలు ఆయనను ఎన్నేళ్ళు కాపాడాయో ఎవరు చెప్పగలరు? అవి ఒక్కొక్కటిగా సెలవు తీసుకుంటున్నప్పుడు చివరి దాకా తోడుండేది తరచు మొదట నేర్చిన భాషే.

చికిత్స విషయానికి వస్తే, వ్యాధిని తుడిచివేసే మందు లేదు. మెదడులో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం త్వరగా హరించిపోకుండా చూసే డోనెపెజిల్‌ను అమెరికా 1996లో అనుమతించింది. కొందరిలో అది కొంతకాలం నిలకడనిస్తుంది. వ్యాధి నడకను ఆపదు. మెదడులో పేరుకునే ఎమిలాయిడ్‌ను తొలగించే లెకానెమాబ్‌కు 2023లో అక్కడ పూర్తి అనుమతి లభించింది. తొలి దశలోని వారిలో క్షీణతను కొంత మందగింపజేసినా, అది నయం చేయదు. నరంలోకి ఎక్కించే ఆ మందుకు ముందు ఖరీదైన నిర్ధారణ పరీక్షలు, తరువాత మెదడు వాపు, రక్తస్రావాలను కనిపెట్టే స్కానులు తప్పవు. నేత కార్మికుని ఇంటికి అది చాలా దూరం.

దగ్గరలో ఉన్నవి వేరే ఉన్నాయి. ‘లాన్సెట్’ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో డిమెన్షియాకు దారితీసే, మనం మార్చగలిగే కారణాలు పద్నాలుగింటిని పేర్కొన్నది. వాటిలో చక్కెర వ్యాధి, రక్తపోటు, పొగతాగడం, ఒంటరితనంతోపాటు వినికిడి లోపం కూడా ఉంది. అంటే సాంచాల మధ్య పనిచేసే యువకుని చెవికి ఈనాడు ఇచ్చే రక్షణ, ముప్ఫై ఏళ్ళ తరువాత అతని జ్ఞాపకానికి కూడా రక్షణ కాగలదు. ఆ లెక్కన కర్మాగారాల తనిఖీ అధికారి కూడా ఒక విధంగా మెదడు వైద్యుడే.

నేతగానికి డోనెపెజిల్ మొదలుపెట్టారు. చెవి యంత్రం బ్యాటరీ మార్చడం మనుమరాలి బాధ్యత. గోడమీద పెద్ద అక్షరాల తెలుగు క్యాలెండరు వేలాడదీశారు. జేబులో కొడుకు ఫోను నంబరు తెలుగులోను, గుజరాతీలోను రాసిన చీటీ ఉంటుంది. బెల్టులు, నాడెలు తిరిగే సాంచాల దగ్గరకు పోవద్దని వైద్యుడు గట్టిగా చెప్పాడు. ఇంట్లో కండెలు చుట్టే పనికి మాత్రం అభ్యంతరం లేదన్నాడు. చేతులు నేర్చిన విద్య మెదడులో వేరే మార్గాల్లో పదిలమై ఉంటుంది. అది చాలాకాలం నిలుస్తుంది. పొద్దున ఏం తిన్నాడో చెప్పలేని మనిషి, తెగిన పోగు కొసలు కలిపి కంటికి కనబడనంత చిన్న ముడి వేస్తాడు.

ఇటువంటి ఇళ్ళు ఒక్క ఉధ్నాలోనే లేవు. భీవండీలో తెలుగువారు, సూరత్‌లో ఒడియావారు, హైదరాబాదులో బీహారీలు, బెంగళూరులో రాయలసీమవారు ఒక భాషలో పుట్టి, మరొక భాషలో పనిచేసి, ముసలితనంలో మొదటి భాషకు తిరిగిపోతున్నారు. వారి కోసం వెంటనే పెద్ద భవనాలు అక్కరలేదు. భారత వైద్య పరిశోధన మండలి సిద్ధం చేసిన పరీక్షలు వలస ప్రాంతాల ఆసుపత్రులకూ చేరాలి. ఒడియా, గుజరాతీ వంటి తక్కిన భాషల్లోనూ అటువంటివి నిలదొక్కుకోవాలి. ప్రశ్నించడానికి ముందు చెవి పరీక్ష జరగాలి. రోగి మాతృభాష, చదువు, వృత్తి అనే మూడు విషయాలు చీటీ మీద మొదటనే రాయాలి. వలస ప్రాంతాల బడుల్లో పనిచేసి విశ్రాంతి తీసుకున్న ఉపాధ్యాయులకు కొద్దిపాటి శిక్షణ ఇస్తే, ప్రతి ఆసుపత్రికీ నమ్మదగిన దుబాసీలు దొరుకుతారు. వృద్ధుల కోసం జాతీయ స్థాయిలో 14567 నంబరున సహాయవాణి నడుస్తున్నది. ఆ నంబరు వలస కుటుంబాలకు తెలిసేటట్లు చెప్పడం కూడా సేవే.

మాతృభాషను గురించి మన సభల్లో ఎక్కువగా బాలల చదువు సందర్భంలోనే మాట్లాడతాం. అది అవసరమే. కాని మాతృభాష అత్యవసరమయ్యే మరొక వయసు ఉన్నది. పేరు, ఊరు, ఆకలి, నొప్పి చెప్పుకోవడానికి మనిషికి ఒక్క భాషే మిగిలే వయసది. అప్పుడు ఆ భాషలో అడిగేవారు ఒక్కరైనా ఎదుట కూర్చుంటే, వైద్యం సగం మొదలైనట్లే.